గ్లాసుడు మంచినీళ్ళు

మండుటెండలో చెమటలు కక్కుతూ నిలబడ్డ అమ్మాయిని చూసి, ఇంటావిడ తలుపు సగమే తీసింది.

"ఏం అమ్ముతున్నావ్?"

"అమ్మడానికి రాలేదాంటీ. యూనివర్సిటీలో ప్రజారోగ్యం మీద వేసవి కోర్సు చేస్తున్నా. మీ కుళాయి నీళ్ళు కాసిని పరీక్షకి ఈ సీసాలో పట్టుకెళ్తా."

"పోయినవారం మీవాళ్ళే వచ్చి పట్టుకెళ్ళారుగా. ఏం తేలిందో చెప్పిన పాపాన పోలేదు."

"కంగారుపడాల్సిందేం లేదండీ."

"మరి మళ్ళీ ఎందుకొచ్చినట్టు?"

"మా సార్ ఇంకోసారి చూడమన్నారు."

"సరే, పట్టుకుందువుగాని. ముందు ఆ నీళ్ళే ఓ గ్లాసుడు తాగు. నోరెండిపోతోంది నీకు."

"వద్దాంటీ... దాహంగా లేదు."

"ఇంత ఎండలో పడి వచ్చి దాహం లేదా?"

అమ్మాయి చూపు తిప్పుకుని సీసా మూత తీయబోయింది.

"మా మనవరాలు పొద్దుట్నుంచీ ఇవే తాగుతోంది. ఆ సీసా పక్కన పెట్టి, ముందు నిజం చెప్పు తల్లీ."