అరెకరం లేని షెడ్డు

ఊరి చెత్తలోంచి ప్లాస్టిక్, అట్టలు, సీసాలు ఏరి వేరుచేసే షెడ్డు. షెడ్డు అక్కది. తనిఖీకి వచ్చిన మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు ఆమె తమ్ముడు.

“గుమ్మంలోనే నిలబడిపోయావేంరా? లోపలికి రా. ఆ అట్టల కట్ట మీద కూర్చో, పొడిగానే ఉంది.”

“కూర్చోను అక్కా. జీపులో మావాళ్ళున్నారు. చూస్తారు.”

“చూడనీ. అక్క దగ్గర కూర్చుంటే ఉద్యోగం ఊడుతుందా?”

“నేనెందుకొచ్చానో నీకు తెలుసు.”

“తెలుసు. సీలు వేసే లక్క, తాడు నీ సంచిలోంచి పైకి కనబడుతూనే ఉన్నాయి.”

“పోయిన వారం కౌన్సిల్లో పాసయింది. చెత్త పని ఎవరు చేసినా సరే, అరెకరం స్థలం చూపించాలి. లేకపోతే లైసెన్సు లేదు.”

“గోడ ఎత్తు పెంచమన్నారు, పెంచాను. మురుగుకాలవ తవ్వమన్నారు, తవ్వించాను. మంటలార్పే సిలిండరు పెట్టమన్నావు, అదిగో ఆ మూల ఉంది. ఇప్పుడు నేలని సాగదీయమంటున్నారు. అదెలాగో కాస్త చెప్పి పో.”

“నేను పెట్టిన రూలా అది?”

“నువ్వు పెట్టావన్నానా?”

“మీటింగులో చెప్పాను. చిన్నవాళ్ళు చితికిపోతారని చెప్పాను.”

“ఏమన్నారు?”

“కమిషనరుగారు నవ్వారు. టీ చల్లారిపోతోంది, తాగమన్నారు.”

“తాగావా?”

“తాగాను.”

“మంచి పని చేశావు. టీ మీద అలగడం దేనికి?”

“ఎగతాళి చెయ్యకు అక్కా.”

“లేదురా. మరి ఊళ్ళో అరెకరం ఎవరికుంది? నువ్వే చెప్పు.”

“కొత్తగా వచ్చిన కంపెనీకి.”

“ఇంకెవరికి?”

“ఇంకెవరికీ లేదు.”

“అంటే వాళ్ళ కాలు కొలిచి చెప్పు కుట్టారన్నమాట.”

“నాతో అన్నావు సరే. బయట అనకు.”

“బయట ఎవరితో అంటాను? సరే, నా దగ్గర పనిచేసే సీసాల పిన్ని సంగతేంటి? ఆ తోడికోడళ్ళిద్దరి సంగతేంటి?”

“అందరినీ కంపెనీ తీసుకుంటుందట.”

“పిన్నికి ఒక కన్నే కదరా. అక్కడ చెత్త బెల్టు మీద పరిగెడుతుంది. వెళ్ళి అడిగింది. ఇంటికి పొమ్మన్నారు.”

“అక్కా, ఒక మాట విను. ముందు తలుపుకే సీలేస్తాను. వెనక దారి నా కంట పడలేదనుకో. చప్పుడు లేకుండా నడుపుకో.”

“పట్టుబడితే?”

“అప్పుడు చూద్దాం.”

“చూసేదేముంది? షెడ్డుతో పాటు నీ ఉద్యోగమూ పోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. రెండు తలుపులకీ వెయ్యి.”

“అక్కా...”

“వెయ్యరా. లక్క కరిగించు. అగ్గిపెట్టె ఇవ్వనా?”

“వేసి వెళ్ళిపోతే, నువ్వెలా బతుకుతావు?”

“కంపెనీలో చేరిపోయాను. మొన్ననే. ఇదే పని. ఇక్కడ కూర్చుని ఏరేదాన్ని, అక్కడ నిలబడి ఏరాలి.”

“కూలికా? నువ్వా? నాకొక్క మాట చెప్పకూడదూ? మేనేజరు నాకు తెలుసు. కనీసం సూపర్‌వైజరుగా...”

“అందుకే చెప్పలేదు. అధికారుల మనుషుల్ని తీసుకోరట. లోపలి సంగతులు బయటికి పోతాయట.”

“నేను రేపు అక్కడికి తనిఖీకి వెళ్ళాలి అక్కా.”

“రా. నన్ను చూసి ఆగకు. మునిసిపాలిటీలో నావాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరన్నాను.”