ఇంజనీరు గారి పన్నెండో పేజీ

రిబ్కమ్మ టీ కొట్టు బల్ల మీద ఇంజనీరు కిషోర్ బాబు గారు కూర్చున్నారంటే, మా చేతుల్లో టీలు చల్లారిపోవాల్సిందే.

"ఇంజనీర్లు వీధికి పదిమంది దొరుకుతారు సలోమోను మాస్టారూ, చదివితే అర్థమయ్యేలా రాసే ఇంజనీరు మాత్రం మైలవరం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా నేనొక్కణ్ణే. మా పురుగుమందు స్ప్రేయర్ల కంపెనీలో మిషను ఎలా వాడాలో చెప్పే కాగితాలు నాలుగొందల పేజీలుండేవి. ఏ ముక్క ఎక్కడుందో రాసినవాడికే తెలీదు. నేను కూర్చుని, ఏది ముందు, ఏది వెనక అని సర్ది, అచ్చ తెలుగులో పదహారు పేజీలకు తెచ్చా."

"మంచి పనే చేశారండీ," అన్నారు మాస్టారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పుస్తకం వెళ్లిన ఊళ్లో ఒక్క మిషనూ రిపేరుకు రాలేదు. మెకానిక్కులు షెడ్లు మూసేసి ఇడ్లీ బళ్లు పెట్టుకున్నారు. ఓసారి జంక్షన్ దగ్గర లారీ ఆగిపోతే, బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి నా విషయసూచిక పైకి చదివానండీ, నాలుగో శీర్షికకి వచ్చేసరికి బుర్రుమని స్టార్టయింది!"

"డ్రైవరు ఎక్కాడాండీ, లారీ ఒక్కటే వెళ్లిపోయిందా?" అంది రిబ్కమ్మ గ్లాసులు కడుగుతూ.

"నవ్వు, నవ్వు. జపాను ఇంజనీర్లు ముగ్గురొచ్చి, తెలుగు రాకపోయినా మాకంతా అర్థమైపోయింది, ఇదేం మాయండీ అని నా చేతులు పట్టుకున్నారు. అదొక ఎత్తు. పోయినేడు ఓ ఉపగ్రహం దారి తప్పితే, పెద్ద పెద్దవాళ్లంతా తలలు పట్టుకుంటే, నేను పదిహేను వాక్యాలు రాసి పైకి పంపించా. అది చదువుకుని, తప్పు దిద్దుకుని, ఇప్పుడు బుద్ధిగా తిరుగుతోంది!"

"అందినట్టు సంతకం కూడా పెట్టి వెనక్కి పంపుంటుందండీ," అన్నారు మాస్టారు.

నాలుగెకరాల మామిడితోట ఉన్న తిరుపతిరావు బల్ల దగ్గరికి జరిగాడు. సంచిలోంచి చిన్న పుస్తకం తీశాడు.

"ఈ స్ప్రేయరు పుస్తకం మీరు రాసిందేనాండీ?"

"ప్రతి అక్షరం నాదే!"

"పన్నెండో పేజీలో ఎర్రక్షరాలతో, పూత మీద మందు పడనీయరాదు, అని ఉందండీ."

"అవునయ్యా. మందు పడితే మిషనుకు వేసిన పూత, అంటే పైరంగు, ఊడిపోతుంది. పడగానే తుడిచెయ్యాలి."

"రంగాండీ?" తిరుపతిరావు పుస్తకం మూశాడు. "మాకు పూతంటే మామిడి పూతేనండీ. కొత్త మిషను కదా, జోరెక్కువేమో, ఇంజనీర్లు ఊరికే రాస్తారా అని చెట్లకి చుక్క మందు కొట్టలేదు. తేనెమంచు పురుగు పట్టి నాలుగెకరాల పూతా మాడి రాలిపోయింది. ఈ ఏడు పచ్చడికైనా కాయ లేదండీ."

మాకెవరికీ నవ్వు రాలేదు. కిషోర్ బాబు గారు ఆ పుస్తకం అందుకుని పన్నెండో పేజీ తిప్పారు.

"మీ మిషను పూత మాత్రం చెక్కు చెదరలేదండీ," అన్నాడు తిరుపతిరావు.