టేపత్త ప్రథమ చికిత్స

ఏమే, ఆ వేలికేమైంది? కత్తి గీసుకుందా? ఇటు తే, చూడనీ. ఇదేం కట్టే తల్లీ, వేలికి కట్టు కట్టావా, వేలిని మూట కట్టావా? మా టేపత్త చూసుంటే నిన్ను ఊరు దాటించేది. ఎవరా? నీకెలా తెలుస్తుందిలే, మీ అమ్మ బడికి పోయే రోజుల్లోనే పోయిందావిడ. మా అత్తగారికి స్వయానా అక్క, నాకు పెద్దత్త. బట్టలు కుట్టేది. మెడలో కొలతల టేపు వేలాడుతూ ఉండేది, పడుకున్నప్పుడూ తీయదని మా పెదమామయ్య వాపోయేవాడు. మనిషి ఎదురుపడితే ఎవరైనా మొహం చూస్తారా, ఈవిడ భుజాలు చూసేది. "రెండంగుళాలు తగ్గావే, ఏం తింటున్నావు?" ఆ తర్వాతే బాగున్నావా అనడం. నేను కాపురానికొచ్చిన రోజు గుమ్మంలోనే నన్ను పైనుంచి కిందికి చూసి, "పర్లేదు, కుట్లు విప్పితే ఇంకొంచెం పెరుగుతుంది" అంది. నేను ఏడుపు ఆపుకోలేక చచ్చాను. తర్వాత తెలిసింది, అది మెచ్చుకోలట.

ఆవిడ మహిళా మండలికి అధ్యక్షురాలు. ఎన్నికలా పాడా, కుట్టుమిషన్ల గది ఆవిడది, అందుకని. గురువారం గురువారం మూడింటికి సమావేశం. మేం పదిహేడు మందిమి, కుర్చీలేమో పన్నెండు. ఆలస్యంగా వచ్చినవాళ్లు మూల ఉన్న కత్తిరింపు గుడ్డల మూట మీద కూర్చోవాలి. అది కుర్చీ కంటే మెత్తగా ఉంటుందని రెండు వారాల్లో అందరికీ తెలిసిపోయింది. ఇంకేముంది, మూడింటికి ఒక్క మనిషి వస్తే ఒట్టు! అందరూ వీధి చివర నిలబడి, నువ్వు పో, నువ్వు పో అనుకునేవాళ్లం. నవ్వకే, నిజం. ఏం చేసేవాళ్లమా? చాలా చేసేవాళ్లం. పోస్టుమాన్ వాళ్లమ్మ పాట పాడేది. ఎప్పుడూ ఒకటే పాట, అదీ రెండో చరణం దగ్గర మరిచిపోయేది. చర్చలుండేవి. ఒకసారి పిల్లల్ని కొట్టొచ్చా కూడదా అని చర్చ పెడితే కూడదన్నవాళ్లిద్దరు జుట్లు పట్టుకున్నారు. తీర్మానాలు కూడా చేసేవాళ్లం. వీధి కుళాయి దగ్గర పోట్లాటలు ఉదయం ఎనిమిది లోపే ముగించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏం, మంచిది కాదూ?

కార్యదర్శి మిల్లు వదిన. పిండిమిల్లు వాళ్లావిడలే, అందరికీ వదినే. మనిషి పుష్టిగా, ఎర్రగా, గట్టిగా నవ్వుతూ ఉండేది. టేపత్తా ఆవిడా ఒకే ఏడు ఆ వీధికి కాపురానికొచ్చారు. అక్కా అంటే చెల్లీ అనేంత స్నేహం. అలాంటిది పదకొండేళ్లుగా మాటల్లేవు! ఎందుకనుకున్నావు? జాకెట్టు కోసం. మిల్లు వదిన వాళ్ల తమ్ముడి పెళ్లికి ఈవిడ కుట్టిందట, కుడిచెయ్యి బిగుతైందట. "అక్కా, ఒక్క అరంగుళం వదులు చెయ్యవే" అందట ఆవిడ. "నా కొలత తప్పదు, నీ చెయ్యే తప్పు" అందట ఈవిడ. అంతే. పదకొండేళ్లు. అధ్యక్షురాలు, కార్యదర్శి పక్కపక్క కుర్చీల్లో మోచేతులు తగిలేలా కూర్చుంటారు, మధ్యలో నేను. మండలిలో చిన్నదాన్ని కదా, నాకా పని పడింది. "అధ్యక్షురాలికి చెప్పమ్మా, కిటికీ తలుపు విరిగిందని." "కార్యదర్శికి చెప్పు, నాకూ కళ్లున్నాయని." నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేదాన్ననుకున్నావా? ఆవిడ "దాని మొహం, దానికేం తెలుసు" అంటే నేను ఇటు తిరిగి, "ఆలోచిద్దాం అంటున్నారండీ" అనేదాన్ని. పక్కనే కూర్చుని విన్న ఆవిడ మళ్లీ నా నోటి నుంచి వినేదాకా జవాబు చెప్పేది కాదు. అలా నా వల్ల మండలి నిలబడిందే, ఎవరూ ఒప్పుకోలేదు గానీ.

ఆ పదకొండో ఏడే నర్సమ్మ వచ్చింది. సైకిలు మీద, టోపీ పెట్టుకుని. ప్రథమ చికిత్స నేర్పిస్తానంది. ఆరు వారాల తర్వాత చుట్టుపక్కల మండళ్లకి పోటీ ఉంటుందట, గెలిచిన ఊరికి మందుల పెట్టె ఇస్తారట, పదిహేను రోజులకోసారి డాక్టరు కూడా వచ్చి కూర్చుంటాడట. మాకప్పుడు డాక్టరంటే బస్సెక్కి గంటన్నర. మా పక్కింటి పిల్ల జ్వరంతో ఆ బస్సులోనే... సరే, వద్దులే. అందుకని అందరం పట్టుదలగా నేర్చుకున్నాం. మూడు మూలల గుడ్డతో జోలె కట్టు, చెక్కబద్ద కట్టు, తల కట్టు. టేపత్త చెయ్యి పెడితే కట్టు అద్దంలా ఉండేది, ఎక్కడా ముడత లేదు. ఒక్కటే లోపం, నర్సమ్మ మాటిమాటికీ చెప్పేది: "అమ్మా, రోగి గుడ్డముక్క కాదు. ముందు మాట్లాడాలి. భయపడకు, నేనున్నాను అనాలి. మాటే సగం మందు." ఈవిడ అక్కడే తప్పేది. గుండుసూదులు నోట్లో పెట్టుకుని పనిచేసే అలవాటు కదా, నోరు తెరవదు.

ఇంటికెళ్లి సాధన చెయ్యాలన్నారు. మాకు దొరికిన రోగి ఎవరు, పెదమామయ్య! గడియారాలు బాగుచేసేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు టేపత్త ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి తల నుంచి కాలి బొటనవేలి దాకా కట్టేసి, గుడ్డ చాలక కొనుక్కురావడానికి వెళ్లింది. ఈలోగా ఎవరో గడియారం కోసం వచ్చాడు. చూశాడు. చెప్పులు విప్పేశాడు. వీధిలోకి పరుగెత్తి ఊరంతా చెప్పేశాడు. అరగంటలో ఇల్లు నిండిపోయింది. ఆడవాళ్లు శోకాలు. ఆ గడియారం మనిషైతే గుండెలు బాదుకుంటూ, "ఎంత మంచివాడు! చీమకి కూడా అపకారం చెయ్యలేదు! నా గడియారం ఎక్కడ పెట్టాడో చెప్పకుండా పోయాడే!" అని ఏడుస్తుంటే, గుడ్డల్లోంచి సన్నగా, "రెండో అరలో... నీలం చీటీ..." అని వినిపించింది. ఇంకేం చెప్పను! ఎవరి చెప్పులు ఎవరు వేసుకుని పారిపోయారో వారం దాకా తేలలేదు.

అదలా ఉంచు. పోటీ రోజు వచ్చింది. పక్క పట్నంలో బడి హాలు. బస్సులో మిల్లు వదినకి కడుపులో తిప్పుతోందని బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుంది, దిగాక ఇంకోటి. ఆఫీసరమ్మ ఒకావిడ, కళ్లజోడు, పెద్ద రిజిస్టరు. చీటీలు తీయించింది. మాకు పడింది కుడిచెయ్యి విరిగిన రోగి. చికిత్స చేసేది ఎవరో తీస్తే అధ్యక్షురాలు. రోగి ఎవరో తీస్తే కార్యదర్శి. మా పదిహేడు మందికీ ఒకేసారి ఊపిరాగింది. "ఇంకో చీటీ తియ్యొచ్చాండీ?" అన్నాను. "నియమం ఒప్పుకోదు" అందావిడ. మిల్లు వదిన కుర్చీలో కూర్చుని పైకప్పు వైపు చూస్తోంది. టేపత్త గుడ్డ తీసింది. ఎంత చక్కగా కట్టిందే! కుడిచెయ్యి కట్టాక రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసింది. ఒక పక్కే కడితే తూకం కుదరలేదనిపించిందో ఏమో, ఎడమచెయ్యి కూడా కట్టేసింది! ఆఫీసరమ్మ కళ్లజోడు సర్దుకుని, "రోగితో మాట్లాడండి, మార్కులు పోతాయి" అంది. టేపత్త నావైపు తిరిగింది. "రోగికి చెప్పు, భయపడొద్దని." అటు నుంచి, "రోగికి భయం లేదని చెప్పు. కట్టు బిగుతైందని చెప్పు." ఈవిడ మొహం ఎర్రబడింది. "కట్టు సరిగ్గానే ఉందని చెప్పు. రోగే ఒళ్లు చేసిందని చెప్పు." నేనేదో సర్దబోయేలోపే మిల్లు వదిన కోపంగా ఊపిరి లోపలికి లాగింది. దాంతో పాటే పిప్పరమెంటు కూడా లోపలికి పోయింది.

కళ్లు తేలేసింది. నోరు తెరుస్తోంది, చప్పుడు రావడం లేదు. చేతులెత్తుదామంటే రెండూ కట్టేసి ఉన్నాయి. ఆఫీసరమ్మ మురిసిపోయి, "రోగి నటన చాలా బాగుంది" అని రాసుకుంటోంది. మావాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను, నిజం చెప్పొద్దూ. కనిపెట్టింది టేపత్త ఒక్కతే. ఆ మెడ ఆవిడకి తెలుసు కదా, పద్నాలుగంగుళాల మెడ, నరాలు ఎలా ఉబ్బాయో చూసింది. చేతిలోవన్నీ పారేసి, ఆవిడని ముందుకి వంచి, అరచేత్తో వీపు మధ్యన కొట్టడం మొదలుపెట్టింది. హాలంతా మోగిపోయింది. "ఒసేయ్! దగ్గవే! దగ్గి చావవే! నువ్వు పోతే నేనెవరితో మాట్లాడకుండా ఉండాలే!" నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో పిప్పరమెంటు ఎగిరి వెళ్లి ఆఫీసరమ్మ రిజిస్టరులో పడింది, సరిగ్గా మా ఊరి గడిలో.

మిల్లు వదిన దగ్గింది, ఊపిరి తీసుకుంది, కళ్లనీళ్లతో పైకి చూసింది. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట ఏమందో తెలుసా? "బిగుతైందే అక్కా." అంతే, టేపత్త నేల మీద చతికిలబడిపోయింది. అక్కడే కూర్చుని కట్లు విప్పుతోంది. "వదులు చేస్తానే, వదులు చేస్తా. ఎంత కావాలంటే అంత. నా కొలతే తప్పే."

మార్కులా? సున్నా. విరిగిన చేతికి చికిత్స అడిగితే వీపు మీద కొట్టారు, మంచి చెయ్యి కట్టేశారు, నియమం ఒప్పుకోదంది ఆఫీసరమ్మ. మావాళ్లు గొడవకి లేచారు. టేపత్త ఆపింది. "మార్కులు మీరే ఉంచుకోండమ్మా. మా మనిషిని మేం తీసుకుపోతాం" అంది. మందుల పెట్టె పక్క ఊరికి పోయింది. డాక్టరు మాకు రాలేదు. నర్సమ్మ మాత్రం, పైవాళ్లకి చెప్పకుండానే, గురువారాలు వచ్చి ఆ మూట మీద కూర్చునేది. ఆవిడ చేతుల మీదే మీ అమ్మ పుట్టింది.

ఇక వాళ్లిద్దరూ! ఆ బస్సులో మొదలుపెట్టారమ్మా మాటలు. పదకొండేళ్ల బాకీ. ఎవరి పెళ్లి, ఎవరి పురుడు, ఏ ఏడు ఏం వండుకున్నారు, అప్పుడు నువ్వెందుకు చూడలేదు, నువ్వెందుకు పిలవలేదు. తర్వాత సమావేశాల్లో ఇంకొకరికి నోరెత్తే సందు లేదు. నా ఉద్యోగం ఊడింది. కొంచెం బాధే వేసింది, ఏమనుకున్నావు, పెద్దవాళ్ల మధ్య కుర్చీ అది.

మరో తొమ్మిదేళ్లున్నారు అలా. టేపత్తకి గుండె జబ్బు, వానల్లో పోయింది. మధ్యాహ్నం పూట, నిద్రలోనే. నేను పరుగున మిల్లు దగ్గరికెళ్లి చెప్పాను. మిల్లు వదిన ఏడవలేదు. లేచి వెళ్లి ఆ పెద్ద మీట కిందికి లాగింది. పొద్దున్నే మొదలైతే చీకటిపడే దాకా ఆగని మిల్లు. మా ఊళ్లో పుట్టిన పిల్లలు ఆ చప్పుడు లేకుండా ఒక్క మధ్యాహ్నం చూసెరగరు. ఒక్కసారిగా ఆగిపోయేసరికి, చూరు మీంచి నీళ్లు పడే చప్పుడు, ఎవరింట్లోనో గిన్నెల చప్పుడు, పిచ్చుకలు. అన్నేళ్లకి ఆ వీధిలో పిచ్చుకలున్నాయని నాకప్పుడే తెలిసింది. ఆవిడ అలా గుమ్మంలో నిలబడి, మొహం నిండా పిండి, "వింటున్నావా? అది లేని వీధి ఇలా ఉంటుంది" అంది నాతో. నేను వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

లే, ఎండ తగ్గింది. పైన బట్టలారాయేమో చూసిరా పో.