సైగాన్‌కి పేరు రాసిన దేవదాసు

"వహీద్ భాయ్, చాయ్ పొయ్యి, నర్సయ్యకు గూడ. ఫోను నడుమ వెడుతున్న, మోగితే సప్పుడు చెయ్యొద్దు. ఇయ్యాల నా మనుమరాలికి తొట్లె. కొడుకు ఫోను తీస్కపొయ్యి బిడ్డ చెవుకాడ పెడతడు, నేను ఈ అరబ్బు దేశంల, రైసూత్ పోర్టుల కూసుండి మూడుసార్లు పేరు చెప్పాలె. ఏం పేరో మీకు గూడ చెప్ప. గప్పటిదాంక ఓ ముచ్చట ఇనుండ్రి.

"పేర్ల కాడ నా చెయ్యి అసొంటిది. పోర్టుల బోర్డులు రాసెటోణ్ని గద, ఓ దినం వియత్నాం ఓడ మీద పేరు మాసిపోతే కప్తాన్ పిలిచిండు. డబ్బెడు పెయింటు, అర్ధగంట పని. నా అక్షరం చూసి ఆయనకు కండ్లల్ల నీళ్లు! 'దేవదాసు సాబ్, యుద్ధం అయినంక మా సైగాన్‌కి హో చి మిన్ సిటీ అని పేరు మార్చిండ్రు. జనం ఇంక సైగానే అంటున్నరు. నువ్వొచ్చి రాస్తెనే నిలుస్తది' అన్నడు."

"ఆ యుద్ధం అయిపోయి యాభై ఏండ్లాయె గదనే," అన్నాడు నర్సయ్య.

"పేరు మార్చుడు అల్కనే, బోర్డులు ఎవడు మారుస్తడు? గందుకే యాభై ఏండ్ల సంది నా కోసం సూస్తున్నరు! తర్వాత ఏమైందో ఎరుకేనా? శుక్రవారం సెలవు. పొద్దుగాల ఓడెక్కిన, పగటాలకు దిగిన."

"గంత జల్దినా?"

"నన్ను ఎక్కించుకున్న ఓడ ఆగుతదా? దిగంగనే దుకాణాలు రాసిన, బస్సులు రాసిన, టేషన్ రాసిన. పెయింటు ఒడిసింది. నదిల బ్రష్ ముంచిన, నీళ్లే రంగయినయ్. ఇండ్ల మీద గెంత పెద్దగ రాసిన్నంటే విమానమోళ్లు సదువుకుంట దిగుతున్నరు. జాగ సాలక ఆఖరికి మబ్బు మీద రాసిన."

"నిచ్చెన ఎవరు పట్టుకున్నరు భాయ్?" అన్నాడు వహీద్.

"గాలి పట్టుకుంది. నడుమల మాట్లాడకు." దేవదాసు ఫోను తీసి చూసి మళ్లీ పెట్టాడు. "గప్పుడు పట్నమంత నా ముంగట కూసున్నది. 'పాతది వద్దు, కొత్తది వద్దు, నీ నోటితోని ఒక పేరు చెప్పు' అన్నరు. నా కాడ పేరు తయారుగనే ఉన్నది. గని ఇది నా మనుమరాలిది, పట్నానికి ఇయ్య అన్న. కోటిమంది కాళ్లు మొక్కిండ్రు, ఇయ్యలె!"

నర్సయ్య నవ్వలేదు. దేవదాసుదీ అతనిదీ ఒకే ఊరు.

"దేవదాసన్నా, ఇంటికాడ ఇప్పుడు టైమెంత?"

"ఒంటిగంట. పంతులు ఆలస్యం చేసినట్టున్నడు."

"పంతులు పొద్దుగాల తొమ్మిదింటికే వచ్చి పోయిండు. పేరు వెట్టుడు అయిపోయింది. నీ కొడుకు స్టేటస్‌ల ఫోటోలు వెట్టిండు. వచ్చినప్పటి సంది చెప్దామనే సూస్తున్న, నోరు రాలె."

దేవదాసు ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం పేరు?"

"శ్రీనిక."

"శ్రీ... నిక." రెండోసారికి సరిగ్గా పలికాడు. "మంచిగనే ఉన్నది. గడబిడల నన్ను మర్సిపోయిండ్రు."

వహీద్ వేడి చాయ్ తెచ్చి పక్కనే కూర్చున్నాడు. "నువ్వు అనుకున్న పేరేంది భాయ్? మాకన్న చెప్పు."

"కనకవ్వ. మా ఇంటామె పేరు. ఆమె సచ్చిపోయిన నాడు గూడ నేను ఈడనే డ్యూటీల ఉంటి." దేవదాసు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంట్ల మల్ల ఆ పేరు పిలువాలనుకున్న, నర్సయ్యా. గంతే."