పీరా సాయిబు కోడిపిల్లలను బయటికి తెచ్చిన సంగతి

మారేడ్‌పల్లిలో పీరా సాయిబు నోరు విప్పాడంటే రెండో చాయ్ వచ్చేదాకా మూయడని అందరికీ తెలుసు. తెలిసి తెలిసీ శారదమ్మ ఆయన్నే పిలిపించింది. ఆమె కష్టం అలాంటిది మరి. పోయిన చలికాలం ఆమె పెంచిన కోడిపిల్లలు, వంటింట్లోని వెచ్చటి డబ్బాలోంచి పెరట్లోకి మార్చిన మొదటి రాత్రే, చలికి మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. తెల్లారి వాటిని జామచెట్టు కింద తనే పాతిపెట్టి, ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఈ ఏడు మళ్లీ పట్టుబట్టి తెచ్చింది. అదే చెక్క డబ్బా, ఈసారి వరండా మూలన, చుట్టూ గోనెపట్ట, పైన కరెంటు బల్బు. పిల్లలు పెరిగి డబ్బా చాలక ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. పెరట్లో జాలీ కొట్టిన గూడు సిద్ధంగా ఉంది. ఇవి కూడా పోతే ఈ ఇంట్లో కోడి పేరెత్తొద్దని అత్తగారు తేల్చి చెప్పింది.

పీరా సాయిబు ఒకప్పుడు తిరుమలగిరిలో ఒక దొరసాని బంగ్లాలో సీమజాతి కోళ్లు సాకినవాడు. ఇక ఆయన్ని కాక ఎవర్ని అడుగుతుంది? ఆయన వచ్చి, వరండాలో కుర్చీ లాక్కుని, డబ్బాలోకి ఒక్కసారి తొంగిచూసి, చాయ్ అడిగాడు. పక్కింటి పేతురు కూడా గోడ దాటి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పేతురు రైల్వేలో ఫైర్‌మన్. డ్యూటీ లేని సాయంత్రాలు ఆయనకు పీరా సాయిబే సినిమా.

"గింత దానికి గంత పరేషాన్ ఎందుకు చెల్లె? గంప తే. పిల్లలను అండ్ల ఎయ్యి, గూట్లె ఇడువు, తలుపు పెట్టు, అయిపాయె. ఈ బల్బు, ఈ గోనెపట్ట, ఈ గారాబం అంత నువ్వు చేసి చేసే అవి నాజూకైనయి."

"పోయినసారి గట్లనే ఇడిచిన గదన్నా," అంది శారదమ్మ.

"ఇడిచింది నువ్వు. నేను కాదు గద! దానికి చెయ్యి ఉండాలె చెల్లె, చెయ్యి. నా చెయ్యి ఎసొంటిదో నీకు చెప్తే నమ్మవు గని చెప్పకుంటే నాకు నిద్ర పట్టది. పోలీస్ యాక్షన్ సాలు అనుకో, నిజాం మీదికి యూనియనోళ్ల ఫౌజు వచ్చిన ఏడాది. మా దొరసాని భయపడి ఊటీకి పోవుకుంట తాళపుచెవులు నా చేతిల పెట్టి, పీరా, నా పానమంత ఆ పిల్లల మీదనే ఉన్నది అని వలవల ఏడ్చింది. నేనన్న, అమ్మగారూ, మీరు బేఫికర్‌గ పోండ్రి, నేనున్న అని. ఎన్ని పిల్లలు? ఇరవై. స్టోర్ అర్రల పెద్ద డబ్బా, నడుమల కందిలి, దాని వేడికి చుట్టూత పండుకునేటివి. మంచిగ నడుస్తుండె. గింతల ఏమాయె, సర్హద్దు బంద్! బయటికెల్లి ఉప్పు రాదు, మందులు రావు, కందిల్ల పొయ్యనీకి గ్యాస్‌నూనె రాదు. కందిలి అడుగంటింది. బయటేమో వానలు. ఇంకొకడైతే తలకాయ పట్టుకొని కూసుంటుండె. నేనేం చేసిన? కందిలి ఆర్పిన, తలుపు తెరిచిన, 'చలో' అన్న. అన్ని బయటికొచ్చినయి. ఒక్కటంటె ఒక్కదానికి తుమ్ము రాలే."

"వానల?" అంది శారదమ్మ.

"వాన మా కంపౌండ్ గోడ దాక వచ్చి ఆగేది. నా మొఖం చూసి లోపలికి రానీకి దానికి ధైర్యం సాలకపోయేది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? తిరుమలగిరంటె ఫౌజీ జాగ గద, పొద్దుగాల లేస్తే బూట్ల చప్పుడు. నా పిల్లలు ఆ చప్పుడు ఇని ఇని కాళ్లు కలుపుడు నేర్చినయి. నేను ముంగట, అవి ఎన్క, లైను కట్టి మైదానం దాక పోయి చెదలు తిని మళ్ల లైను కట్టి వచ్చేటివి. ఒకరోజు ఒక హవల్దార్ చూసిండు. వాడు వాని సిపాయిలను అక్కడికక్కడ నిలబెట్టి, సిగ్గు లేదారా, కోడిపిల్లలను చూసి నేర్చుకోండ్రి అని తిట్టిండు. పాపం ఒక సిపాయి ఏడ్చిండు సుత. రెండు వందల పిల్లలు ఒక్క అడుగు తప్పకుంట నడుస్తుంటే వానికి మాత్రం ఏం కావాలె?"

"జెర ఆగు భాయ్," అన్నాడు పేతురు. "ఇప్పుడే ఇరవై అన్నవు."

"ఇరవై డబ్బాల ఉన్నప్పుడు. బయటి గాలి తగిలితే పిల్లలు పెరుగుతయా లేదా? పెరుగుడంటె ఒక్క సైజులనేనా? నువ్వు రైలు ఇంజన్ల బొగ్గు ఏసెటోనివి, నీకు కోళ్ల సంగతి ఏం సమజైతది, చాయ్ తాగు."

పేతురు బుద్ధిగా చాయ్ తాగాడు. శారదమ్మ మాత్రం డబ్బా వైపు చూస్తూ, "పగలు సరే అన్నా. గద్దల సంగతేంది? మా పెరట్ల దినాం తిరుగుతున్నయి," అంది.

"హా! మంచిగ అడిగినవ్. గద్ద! అసలు కథ ఆడ్నే ఉన్నది. ఒకనాడు పొద్దుగాల మీదికెల్లి చప్పుడు. గద్దేమో అని చూస్తే విమానం! యూనియనోళ్ల విమానం. నేను ఇట్ల చెయ్యి ఊపంగనే పిల్లలన్ని నేలకు అతుక్కున్నయి. వాటిని చూసి బజార్ల జనం పండుకున్నరు, వాళ్లను చూసి మోండా మార్కెట్ల పండుకున్నరు, లష్కర్ ఊరంత బోర్ల పండుకున్నది. మీదికెల్లి ఆ విమానపాయన చూస్తే మనిషి పుర్గు లేదు. ఊరు ఖాళీ అనుకొని బాంబు జేబుల పెట్టుకొని వాపస్ పోయిండు."

"బాంబు జేబుల పడ్తదా?"

"చిన్న బాంబు. నడుమ మాట్లాడకు. విమానం పోయింది గని దాని ఎన్కనే నిజం గద్ద దిగింది. ఎంత ఉన్నది? మీ వరండ అంత ఉన్నది. అన్నిట్ల చిన్న పిల్ల ఒకటుండె, నా అంగీ జేబుల పండుకునేది, దాని మీదికి రయ్యిమని వచ్చింది. నేను ఎగిరి దాని రెండు కాళ్లు పట్టిన. నేను ఇడువ, అది ఇడువది. లేపింది నన్ను! తిరుమలగిరి కిందికి పోయింది, మా బంగ్లా అగ్గిపెట్టెంత అయింది, మౌలాలి గుట్ట దాటినం. అల్లా కసం, చెప్పులు సుత జారలే. ఆడికెల్లి చూస్తే ఏం కనపడ్డది? బీదర్ తొవ్వల ట్యాంకులు! చీమల బారు లెక్క లష్కర్ దిక్కే వస్తున్నయి. నా గుండె దడదడ కొట్టుకున్నది. నా కోసం కాదు. ఆ తొవ్వ మీదనే గద నా పిల్లలు మేస్తయి, చక్రాల కింద పడితే దొరసానికి ఏం జవాబు చెప్పాలె? గద్ద కాలు ఎడమ దిక్కు తిప్పిన. సైకిల్ హాండిల్ లెక్క తిరిగింది. సక్కగ మైదానంల దిగిన."

"గద్ద ఏమాయె?"

"దానికి దమ్ము అందక వాపస్ నడుచుకుంట పోయింది. ఇగ ఇను. టైం లేదు. నేను పిల్లలన్నిటిని మైదానంల పరిచిన, ఈ కొసకెల్లి ఆ కొస దాక. సీమజాతివి గద, పసుపుపచ్చ నూగు రాలి తెల్ల రెక్కలొచ్చినయి. వేలకు వేల పిల్లలు ఒక్కసారి రెక్కలు ఇప్పినయి. ట్యాంకుల మీద ఉన్న పెద్ద అఫ్సర్ దుర్బీన్ల చూసిండు. మొత్తం తెల్లగ! ఊరంత తెల్ల జెండాలు ఎత్తింది అనుకున్నడు. 'ఫైర్ బంద్!' అన్నడు. అయిపాయె లడాయి. ఎన్ని రోజుల్ల అయిపోయిందని మీరు పుస్తకాలల్ల చదువుకుంటరు గని, ఎవరివల్ల అయిపోయిందో ఎవడు రాసిండు?"

పేతురు మెట్ల మీంచి లేచి పీరా సాయిబుకు ఒక సలాము కొట్టి మళ్లీ కూర్చున్నాడు. ఆయన ఆ సలామును నిజమనుకునే తీసుకున్నాడు.

శారదమ్మకు నవ్వు రాలేదు. పొద్దు వాలుతోంది. గాలి అప్పుడే చల్లబడింది. డబ్బాలో పిల్లలు బల్బు కిందికి జరిగి ముద్దగా కూర్చున్నాయి. "అన్నా, రాత్రిపూట ఎట్ల? వాటికి వెచ్చగ ఏమున్నది? నాకు గదొక్కటి చెప్పు, సాలు," అంది.

"గదే చెప్పబోతున్న. అఫ్సర్ దిగి నా దగ్గరికి వచ్చి, ఈ బందోబస్తు ఎవరిది అన్నడు. నాదే అన్న. చెయ్యి కలిపిండు. ఏం కావాల్నో కోరుకో అన్నడు. జాగీరు కావాల్నా, నౌకరి కావాల్నా అన్నడు. నేనన్న, సాబ్, నాకేం వద్దు, పొద్దు గూకుతున్నది, పిల్లలకు చలి. అంతే! ట్యాంకులన్ని గుండ్రంగ నిలబెట్టిచ్చిండు. ఇంజన్లు బంద్ చెయ్యొద్దు అని హుకుం ఇచ్చిండు. ఒక్కొక్క ట్యాంకు కింద ఇంజన్ వేడికి అయిదు వందల పిల్లలు పండుకున్నయి. లేస్తయేమో అని సిపాయిలు బూట్లు ఇడిచి నడిచిన్రు. పిల్లలకు రెక్కలు పూర్తిగ వచ్చేదాక ఫౌజు అంగుళం కదల్లే. అందుకే ఊర్లెకు వచ్చుడు జెర లేటయింది. గట్ల తెచ్చిన నేను బయటికి! నీ ఈ పిడికెడు పిల్లలు నాకో లెక్కనా? గంప ఇటు తే. ఇప్పుడే గూట్లె ఏసి పోత."

అంటూనే లేచి, మూలనున్న గంప తనే అందుకుని, గోనెపట్ట లాగి అవతల పడేసి, బల్బు ఆర్పి, డబ్బాలో చెయ్యి పెట్టాడు. రెండు పిల్లలు కీచుమంటూ గంపలో పడ్డాయి. శారదమ్మ ఆపుదామా వద్దా అని చెంగు నలుపుకుంటూ నిలబడింది. చెయ్యి తిరిగినవాడని ఊరంతా అంటోంది, కాదంటే పెద్దమనిషికి కోపం వస్తుంది, ఊరుకుంటే పిల్లలు పోతాయి. ఆమెకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఆ గంప కింద పెట్టుండ్రి."

గేటు దగ్గర ఖమర్ బీ నిలబడి ఉంది. పీరా సాయిబు భార్య. మొగుణ్ణి అన్నానికి పిలవడానికి వచ్చి, మొత్తం విన్నదో సగం విన్నదో గానీ, విన్నమటుకు ఆమెకు సరిపోయింది. లోపలికి వచ్చి, గంపలోని పిల్లల్ని చెంగులో పెట్టుకుని, ముందు బల్బు వేసింది. పిల్లల్ని తిరిగి దాని కిందికి వదిలి, గోనెపట్ట తెచ్చి చుట్టూ కప్పింది.

"వదినా, నువ్వు వచ్చినవు, బతికిన," అంది శారదమ్మ.

"శారదమ్మా, ఇవి ఇయ్యాల బయటికి పోవు. రేపు మధ్యాహ్నం ఎండ మంచిగ ఉన్నప్పుడు గంప కింద మూసి ఒక్క గంట ఉంచు. గాలి కొట్టంగనే లోపలికి. ఎల్లుండి ఇంకో గంట. లోపల సుత బల్బు దినాం జెర పైకి కట్టుకుంట పో, వేడి తక్కువైంది వాటికి తెల్వొద్దు. అవి బల్బుకు దూరం జరిగి పండుకున్న నాడు గూట్లెకు మార్చు. మొదటి రెండు రాత్రులు గూడు మూలలకు గడ్డి కుక్కు. మూల దొరికితేనే అవి ఒకదాని మీద ఒకటి పడ్డయి పోయినసారి. నేను వచ్చి చూస్తుంట తియ్యి."

"నేను గదే చెప్తున్న..." అన్నాడు పీరా సాయిబు.

"ఈయనకేం తెలుసు శారదమ్మా? దొరసాని పిల్లలను బయటికి తెచ్చింది నేను. వానలు తెరిపి ఇచ్చినప్పుడల్ల గంప కింద గంటసేపు, మళ్ల లోపలికి. గ్యాస్‌నూనె లేదన్నది మాత్రం అబద్ధం కాదు. కుంపట్ల బొగ్గులు ఏసి, మీద బూడిద కప్పి, ఆ వేడి మీద బతికిచ్చిన."

"అప్పుడు భాయ్ యాడున్నడు?" అన్నాడు పేతురు, ముందుకు వంగి.

"యాడుంటడు? డబ్బా పక్కన! ఫౌజు వస్తున్నదని తెలిసిన నాడు స్టోర్ అర్రల దూరి, గోనెపట్ట కప్పుకొని కూసున్నడు. పెంకు మీద పిల్లి దుంకినా పానం పోయెటట్టు వణికేటోడు. నేను తప్పు పడ్తలేను. అప్పుడు అందరం భయపడ్డం, మా ముసల్మానోళ్లు ఎంతమంది ఎక్కడెక్కడ దాక్కున్నరో ఎవరికి ఎర్క? నేను సుత భయపడ్డ. గాని పిల్లలకు మేత పెట్టాలె గద. పిల్లలన్ని బయటికి పోయినంక చూస్తే ఆ అర్రల ఈయన ఒక్కడే మిగిలిండు, కుంపటికి చేతులు చాపుకొని."

పేతురు నవ్వబోయి, పీరా సాయిబు మొహం చూసి, గ్లాసులో లేని చాయ్ తాగాడు. శారదమ్మ మాత్రం అమాయకంగానే అడిగింది. "మరి అన్న బయటికి ఎట్ల వచ్చిండు వదినా?"

"ఎట్లొస్తడు? వాటిని తెచ్చినట్టే తెచ్చిన. ఒకరోజు గడప దాక. ఎండ పొడిస్తే వాకిట్ల గంటసేపు. మిలిటరీ బండి చప్పుడైతే మళ్ల లోపలికి. దినాం కుంపట్ల ఒక బొగ్గు తక్కువ ఏసిన. పిల్లలు తొందరగనే నేర్చినయి. ఈయన బక్రీద్ నమాజుకు గేటు దాటిండు, అది సుత నేను చెయ్యి పట్టుకొని నడిపిస్తెనే."

పీరా సాయిబు తన చెప్పుల వైపు చూశాడు. తర్వాత తల ఎత్తి, గొంతు సవరించుకున్నాడు. పెద్ద గొంతు రాలేదు.

"చెయ్యి పట్టుకున్నది నేను చెల్లె," అన్నాడు శారదమ్మతో. "రోడ్డు మీద ఆ బండ్లను చూసి ఖమర్ భయపడ్తదని."

ఖమర్ బీ ఏదో అనడానికి నోరు తెరిచింది. ఆయన వైపు చూసింది. గోనెపట్ట అంచు ఇంకోసారి సర్దింది.

"అవ్ శారదమ్మా," అంది. "గదొక్కటి నిజం."