రొయ్య కాని రొయ్య

సింగపూర్ టోవా పాయోలో, వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించిన డిమ్ సమ్ చిరుతిళ్ళు పెట్టే చీనావాళ్ళ శాకాహార హోటలు. Y2K గండం గడిచి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి కొమ్ములు మొలిచిన రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇండియా నుంచి వచ్చిన కాబోయే అత్తగారిని ఇక్కడికి తీసుకురావాలన్న ఆలోచన యోగితదే. పాపం, చాలా ఆలోచించి ఎంచుకుంది.

"బాతేమిట్రా ప్రేమ్! బాతని పేరు పెట్టి నా ముందు పెడతావా?"

"పేరేనమ్మా. సోయాతో చేస్తారు. బౌద్ధుల హోటలిది. మాంసం గడప తొక్కదు."

"మరి ఆ తోలు? కాల్చిన తోలులాగే ఉందే!"

"అది సోయాపాల మీద కట్టే మీగడ ఆంటీ. మడతలు పెట్టి వేయిస్తారు. ఇక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు."

"ఉల్లిపాయ కూడానా? మేం తింటాంగా!"

"అయితే వీళ్ళది మనకన్నా గట్టి మడి అమ్మా."

"మడివాళ్ళకి బాతు పేరెందుకు, పంది పేరెందుకు? మానేసినవాళ్ళు పేరు కూడా మానెయ్యాలి. సర్లే, ఆ తెల్ల ముద్ద ఇటు పెట్టు. అందులో ఏముంది?"

"కూరగాయలే ఆంటీ. పుట్టగొడుగు, క్యారెట్."

"ఊఁ. మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"జురాంగ్ ఐలాండ్‌లో ఆంటీ. కెమికల్ ప్లాంట్‌లో టెక్నీషియన్."

"ఇంజినీరేనమ్మా, ఇక్కడ అలా పిలుస్తారంతే."

"టెక్నీషియనే ప్రేమ్."

"ఇంటిపేరు?"

"మాకు ఇంటిపేరు లేదు ఆంటీ. ఇక్కడ నాన్న పేరే రాస్తారు. యోగిత, డాటరాఫ్ జగన్నాథం. అంతే ఆంటీ."

"ఊరు?"

"తాతల తాత ఓడెక్కి వచ్చారంట. వైజాగ్ పక్క అంటారు. ఏ ఊరో అమ్మమ్మకి కూడా తెలీదు."

"ఊరు తెలీదు, ఇంటిపేరు తెలీదు. ఇంక గోత్రం అడగనా, మానెయ్యనా?"

"అమ్మా! ముందు తిను."

"తింటూనే అడుగుతున్నాను. ఇంట్లో మాత్రం నీచు ముట్టరు కదా? అబద్ధం ఆడితే నాకిష్టం ఉండదు."

"ముట్టరమ్మా. ఎన్నిసార్లు చెప్పాను! వాళ్ళింట్లో ఎవ్వరూ ముట్టరు."

"నిన్ను కాదు, పిల్లని అడుగుతున్నా."

"ప్రేమ్... ప్రేమ్ చెప్పాడు కదా ఆంటీ."

"వాడు చెప్పింది విన్నాను. నువ్వు చెప్పు."

"అబ్బ, ఇప్పుడే మోగాలా ఈ ఫోను! హలో... ఏ ప్రోగ్రామ్ ఫెయిలైంది? బ్యాంకు వాళ్ళు చూశారా? ఆగు, ఇక్కడ సిగ్నల్ లేదు, బయటికి వస్తున్నా. అమ్మా, ఆఫీసు. పది నిమిషాలు. యోగీ, అమ్మకి అది పెట్టు, ఆ రొయ్యది. రొయ్య కాదులే, రొయ్యలాంటిది."

"ఆదివారం కూడానా! వెళ్ళు, వెళ్ళు. డాలర్లు ఊరికే రాలుతాయా."

ప్రేమ్ బయటికి వెళ్ళాడు. బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు.

"ఇది దుంప పిండితో చేస్తారు ఆంటీ. కందలాంటి దుంప. అచ్చు పోసి ఎర్రరంగు గీతలు పెడతారు. తినండి, ఏం కాదు."

"ఏదీ... ఊఁ... ఇదేం రొయ్యమ్మా! రొయ్యంటే పంటి కింద టక్కుమని తెగాలి. ఇది బంకలా సాగుతోంది. పైగా తియ్యదనమే లేదు."

"ఆంటీ?"

"ఏం?"

"మీకెలా తెలుసు?"

"ఏది?"

"టక్కుమని తెగుతుందని."

"ఎవరో అంటుంటే విన్నాను. అంతే. ఆ టీ ఇటు పొయ్యి."

"పంటి కింద ఎలా ఉంటుందో వింటే తెలీదు ఆంటీ."

"కప్పు ఖాళీగా ఉంది."

"సారీ ఆంటీ. నేను అలా అనకూడదు."

"టీ పొయ్యమన్నానా."

"పోస్తున్నాను. ఆంటీ, నేను కూడా ఒకటి చెప్తాను. ప్రేమ్ మీకు చెప్పింది నిజం కాదు. మేం అన్నీ తింటాం. మా అమ్మమ్మ కుమారమ్మకి బూన్ లేలో, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కొట్టుంది. చేపల పులుసు కొట్టు. ఆ మాట మీ ముందు ఎత్తొద్దని ప్రేమ్ అన్నాడు. నిన్న రాత్రి నుంచీ అదే మాట. మీరు మళ్ళీ మళ్ళీ అడిగితే నాకు నోరు రాలేదు."

"చేపల పులుసా?"

"అవును ఆంటీ."

"వాడు... తిన్నాడా?"

"టీ ఇంకొంచెం పొయ్యనా ఆంటీ?"

"చెప్పవే! కొట్టనులే."

"ప్రతి శనివారం వస్తాడు ఆంటీ. ప్లేటు నాకేస్తాడు. చేప తల ముక్క అమ్మమ్మ వాడికే దాచి పెడుతుంది."

"పులుపు దేంతో? చింతపండా, మామిడికాయా?"

"చింతపండు. మామిడికాయ దొరికితే అదీ వేస్తుంది."

"మెంతిపిండి చల్లుతుందా చివర్న?"

"చల్లుతుంది."

"మా నాన్న కూడా చల్లేవాడు."

"మీ నాన్నగారా?"

"తెనాలిలో మాది మిలిటరీ హోటలమ్మా. మాంసం హోటళ్ళని అలాగే అనేవాళ్ళు. నాన్న పొయ్యి దగ్గర, అమ్మ రొయ్యలు వొలిచే గంప దగ్గర. నేను వొలవడం నేర్చుకున్నాకే అక్షరాలు నేర్చుకున్నాను. వీడి నాన్న, సుధాకరరావుగారు, మా వీధి బ్యాంకులో గుమస్తా. ఇష్టపడ్డారు. నేనూ పడ్డాను. వాళ్ళ పెద్దవాళ్ళు ఒప్పుకోం అన్నారు. కొడుకు ఉరిపోసుకుంటానంటే ఒప్పుకున్నారు. కానీ ఒక కథ అల్లారు. ఖరగ్‌పూర్‌లో పెరిగిన పిల్ల, తల్లీ తండ్రీ లేరు, దూరపు చుట్టాల పిల్లేనని బంధువులందరికీ చెప్పారు. శ్యామలాదేవి అన్న పేరు కూడా వాళ్ళు పెట్టిందే. నా పేరు అమ్ములు."

"అమ్ములు..."

"అలా పిలవకు. ఎవరూ పిలిచి చాలా ఏళ్ళయింది."

"ప్రేమ్‌కి తెలీదా?"

"వాడికి తెలిసిందల్లా అమ్మమ్మ లేదని. చిన్నప్పుడు బళ్ళో పిల్లల్ని చూసి, మనకి అమ్మమ్మ ఊరు లేదా అని ఏడ్చేవాడు. లేదురా అనేదాన్ని."

"మీ అమ్మగారు అప్పటికి బతికే ఉన్నారా?"

"వాడి బారసాల నాడు వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. ఇంటినిండా చుట్టాలు. గుమ్మంలో నిలబడింది, చేతిలో చిన్న వెండి గిన్నె. మా అత్తగారు నా పక్కనే ఉంది. నా మొహం చూస్తోంది. నేను వెళ్ళి... నేను..."

"వద్దు ఆంటీ. చెప్పొద్దు."

"చెప్పనీ. ఎవరికీ చెప్పలేదు. 'ఎవరు కావాలమ్మా?' అన్నాను. మా అమ్మని. మా అమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది. 'ఇల్లు తప్పొచ్చాను తల్లీ' అని వెళ్ళిపోయింది. గిన్నె కూడా ఇవ్వలేదు. ఇస్తే ఎవరిచ్చారని అడుగుతారని ఆవిడకి తెలుసు."

"తర్వాత?"

"తర్వాత లేదు. పోయిందని ఎప్పుడో ఎవరో అంటే తెలిసింది. ఏడవడానికి స్నానాల గది ఉంది కదా."

"టిష్యూ తీసుకోండి ఆంటీ. ఆ వడ్డించే చైనీస్ ఆంటీ మన వంకే చూస్తోంది."

"చూడనీ. కారం నసాళానికంటింది అనుకుంటుంది. యోగితా, ఈ మాట వాడికి చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. ఈ పెళ్ళికి సరేనంటాను. వాళ్ళ నాన్నని నేను ఒప్పిస్తాను. నువ్వు మాత్రం చెప్పకు."

"మీరు సరేననకపోయినా చెప్పను ఆంటీ. అది మీది. నాది కాదు."

"మంచి పిల్లవే. కాదందామనే వచ్చాను తల్లీ. నిన్ను చూసి కాదు. నీకేం జరుగుతుందో తెలిసి. మా ఆడపడుచులు ఇంకా ఉన్నారు, వాళ్ళ కళ్ళు డేగ కళ్ళు. సరే, అయ్యేదెలాగూ అవుతుంది. నేను చెప్పినట్టు విను. కొట్టు మాట ఎవరితోనూ అనకు. మీ అమ్మమ్మ పెళ్ళికి రాకపోతేనే మంచిది. వస్తే నోరు జారుతుంది. పెద్దావిడ, విమానం పడదు అందాం. మీ నాన్న ఇంజినీరే. మొదట్లో ఏడుపొస్తుంది. తర్వాత అలవాటవుతుంది."

"మీకు అలవాటైందా ఆంటీ?"

"ఆ బుట్ట మూత పెట్టు. చల్లారిపోతోంది."

"అలవాటైందా?"

"అదుగో వాడు వస్తున్నాడు. కళ్ళు తుడుచుకో. నావీ ఎర్రగా ఉన్నాయా?"

"లేవు ఆంటీ. బాగున్నారు."

ప్రేమ్ ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి కూర్చున్నాడు. మనిషి మంచి హుషారులో ఉన్నాడు.

"అయిపోయింది! ఒక్క లైను మార్పించాను, ప్రోగ్రామ్ మొత్తం నడిచింది. ఏంటి, ఇద్దరూ మూగనోము పట్టారా? ఏమీ తినలేదే!"

"తిన్నాంరా. కూర్చో. నీకో మాట చెప్పాలి. నాకు పిల్ల నచ్చింది."

"అమ్మా? నిజంగా?"

"నిజంగానే. నాన్నగారితో నేను మాట్లాడతాను. ఇంటిపేరు లేకపోతే మన ఇంటిపేరే వస్తుంది, పోయేదేముంది."

"యోగీ! విన్నావా? నేను చెప్పలేదూ! చెప్పినట్టు చేస్తే అంతా సాఫీగా అయిపోతుందని చెప్పానా లేదా? అమ్మా, పెళ్ళి మనూళ్ళోనే పెట్టుకుందాం. వీళ్ళ వైపు నుంచి అమ్మా నాన్నా వస్తే చాలు. అమ్మమ్మగారికి అంత ప్రయాణం కష్టం కదా, మోకాళ్ళ నొప్పులు."

"అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పుల్లేవు ప్రేమ్."

"అంటే, పెద్దావిడ కదా. శ్రమెందుకని. తర్వాత తీరిగ్గా ఇక్కడ ఆవిడకి ఒక డిన్నర్ పెడదాం. ఇక్కడే పెడదాం కావాలంటే."

"ఇక్కడ అమ్మమ్మ ఏం తింటుంది?"

"యోగీ, ఏమైంది? అమ్మ ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ మనం దీని కోసమేగా చూశాం! నవ్వవేం?"

"వాణ్ణి చూడమ్మా, ఎంత సంతోషపడుతున్నాడో. ఒక్క మాట అను తల్లీ."

"చూస్తున్నాను ఆంటీ. ప్రేమ్, మా అమ్మమ్మ మీ గుమ్మంలోకి వస్తే ఎవరు కావాలని నేను అడగలేను. ఆంటీ ఒప్పుకున్నారు. నేనే ఒప్పుకోవడం లేదు."