బొట్టు తుడిచిన సైకిలు

అలిపిరి మెట్ల దగ్గర, నిన్నటి దాకా సైకిలు నిలబెట్టిన చోట, అక్కా తమ్ముడూ ఆగారు.

“తాళం వెయ్యలేదా అక్కా?”

“లేదు.”

“సచ్చిపోయిన బావ గుర్తుగా మిగిలింది అదొకటే గదా! మొన్ననే కొత్త బ్రేకులు గూడా ఏయిస్తివి. పద, స్టేషన్‌కు పోదాం.”

“వద్దులేప్పా.”

“స్వామి కాళ్లకాడ ఎవురు ముడతార్లే అనుకున్నావా?”

“ఎవురూ ముట్టకనే గదా నా బాధ. రోజూ తోసుకొచ్చి, తాళం లేకుండా ఈడ పెట్టి పనికి పోతా ఉన్నా. సాయంత్రానికి ఈడనే ఉంటాది. హ్యాండిలు మీద ఆయుధ పూజ బొట్టు సూసి, మొక్కు సైకిలని భయపడినారేమో. నిన్న కొంగుతో తుడిచేసినా.”

“అంటే, పోవాలనే పెట్టినావా? అమ్మేసుంటే సరిపోయేది గదా!”

“మీ బావను మింగినదానికి నేనెట్ల బేరమాడేది? ఇంటి గోడకు ఆనుకొని అది కనిపిస్తే, ఆయన ఇప్పుడే పని నుంచి వచ్చినాడనిపిస్తాది. లోపలికి పోయి సూస్తా.”



“పోవాలనుకున్నదానికి బ్రేకులెందుకు మార్పిస్తివి?”

“బ్రేకు పడకనే గదా ఆయన బస్సు కిందికి పోయినాడు. ఎత్తుకపోయినోడికి గూడా ఇంట్లో ఒకామె ఎదురుసూస్తా ఉంటాది.”